చల్లటి నీళ్ళకు పళ్ళు జివ్వుమంటుంటే రూట్ కెనాల్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. సికింద్రాబాద్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నాను. ఆరు నెలలుగా చల్లటి నీళ్ళు తాగినా, ఐస్‌క్రీమ్ తిన్నా ఎడమవైపు పై పళ్ళు జివ్వున లాగుతున్నాయి. ఒక్కోసారి మామూలు కుళాయి నీళ్ళతో పుక్కిలించినా అంతే. రెండు నెలల కిందట పళ్ళు క్లీనింగ్ చేయించుకున్నాను. ఆ తర్వాత బాధ ఇంకా పెరిగినట్లుంది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు అరిగి కదులుతాయని మా అత్తయ్య ముందే హెచ్చరించారు. సెన్సిటివ్ పళ్ళకని అమ్మే పేస్టు పది రోజులు వాడి, గుణం కనిపించక మానేశాను. బరువు తగ్గడానికి ఏడాదిగా రోజూ పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసం, తేనె కలుపుకుని తాగుతున్నాను. అది తాగగానే హార్డ్ బ్రష్‌తో గట్టిగా రుద్ది పళ్ళు తోముకుంటాను. మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా కావడంతో ఫ్లోరైడ్ ఉన్న పేస్టు అంటే భయం. రూట్ కెనాల్ తప్పదని తెలిసినవారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే రూట్ కెనాల్ దాకా, అంటే పన్ను లోపలి నరాలున్న మెత్తని భాగాన్ని తీసేసే చికిత్స దాకా, వెళ్ళవలసిన పరిస్థితి కనిపించడం లేదు. నోరు చూడకుండా ఏ దంతవైద్యుడూ చివరి మాట చెప్పలేడు కాబట్టి ఒకసారి పరీక్ష చేయించుకోవడం మాత్రం తప్పనిసరి. అయితే మీ ఉత్తరంలో మీరు మామూలు విషయంగా రాసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పొద్దున్నే నిమ్మరసం తాగి, ఆ వెంటనే హార్డ్ బ్రష్‌తో గట్టిగా తోముకుంటున్నానని రాశారు. మీ బాధకు మూలం చాలావరకు అక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ అలవాటును అలాగే ఉంచుకుని ఎన్ని పేస్టులు మార్చినా, ఎంత ఖర్చుపెట్టి వైద్యం చేయించుకున్నా ఫలితం నిలవదు.

పన్ను చూడటానికి రాయిలా ఉన్నా లోపల ప్రాణం ఉన్న అవయవమే. పైన కనిపించే తెల్లటి పొరను ఎనామిల్ అంటారు. చిన్నప్పుడు మనం పాఠాల్లో పింగాణీ అని చదువుకున్నది దీని గురించే. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే ఉండే ఈ పొర శరీరం మొత్తంలో అతి గట్టి పదార్థం. కాని అందులో జీవకణాలు లేవు కాబట్టి విరిగిన ఎముక అతుక్కున్నట్లు, తెగిన చర్మం మానినట్లు, అరిగిపోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. దాని కింద డెంటిన్ అనే పసుపుపచ్చని పొర, ఆ లోపల నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని పల్ప్ ఉంటాయి. డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు, ఒక్కో చదరపు మిల్లీమీటరులో వేల సంఖ్యలో, బయటి నుంచి పల్ప్ వరకూ సాగి ఉంటాయి. ఆ గొట్టాల్లో ద్రవం నిండి ఉంటుంది. పైన ఎనామిల్ కప్పి ఉన్నంతకాలం ఆ ద్రవం నిలకడగా ఉంటుంది. కప్పు పోయి గొట్టాల నోళ్ళు తెరుచుకున్నాక చల్లటి నీళ్ళు తగిలినా, గాలి తగిలినా, తీపి తగిలినా ద్రవం ఒక్కసారిగా కదులుతుంది. లోపలి చివరన ఉన్న నరం కొనలు ఆ కదలికను నొప్పిగా గుర్తిస్తాయి. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో తన ప్రయోగాలతో బలపరిచిన ఈ వివరణనే నేటికీ వైద్యులు ఎక్కువగా అంగీకరిస్తున్నారు. మనం జివ్వుమంది అని చెప్పుకునేది, ఒక్క క్షణం సూదిలా గుచ్చి వెంటనే తగ్గిపోయేది, ఈ నొప్పే.

అన్ని పళ్ళూ ఒకేలా కాక కొన్నే ఇలా బాధపెట్టడానికి కారణం పంటి మెడ. పన్ను చిగురులోకి దిగే చోటును అలా పిలుస్తాం. అక్కడ ఎనామిల్ బాగా పలచబడి అంతమవుతుంది. చిగురు కింద ఉండే వేరు మీద ఎనామిల్ ఉండదు. సిమెంటమ్ అనే పలచని పొర మాత్రమే ఉంటుంది, అదీ రాపిడికి తొందరగా లేచిపోతుంది. కొందరి పళ్ళలో ఈ రెండు పొరలూ ఒకదానినొకటి కలుసుకోక, పుట్టుకతోనే మధ్యలో సన్నని సందు ఉంటుంది. చిగురు ఆరోగ్యంగా ఉండి ఆ చోటును కప్పినంతకాలం ఏ ఇబ్బందీ తెలియదు. చిగురు ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి జారినా చాలు, రక్షణ లేని భాగం బయటపడుతుంది. ఇరవైల నుంచి నలభైల వయసు వరకు ఈ బాధ ఎక్కువగా కనిపిస్తుంది. వయసు ఇంకా పెరిగేకొద్దీ పన్ను లోపలి వైపు కొత్త డెంటిన్ ఏర్పడటం వల్ల, గొట్టాలు తమంతట తాము పూడుకుపోవడం వల్ల చాలామందిలో తగ్గుతుంది.

ఇక మీ నిమ్మరసం సంగతి. ద్రవంలో పులుపు ఎంతో చెప్పే కొలత పీహెచ్, ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం. పీహెచ్ విలువ సుమారు 5.5 కంటే తగ్గిన ద్రవంలో ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. డెంటిన్‌కు అంత పులుపు కూడా అక్కరలేదు, ఇంకా ముందే కరుగుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 3 మధ్య ఉంటుంది. నీళ్ళు కలిపినంత మాత్రాన ఆ పులుపు పంటికి హాని చేయనంతగా పలచబడదు. తేనె రుచిని మారుస్తుందే తప్ప ఆమ్లాన్ని విరిచేయదు. పైగా అది కూడా చక్కెరే కాబట్టి నోటిలోని సూక్ష్మజీవులకు మేత అవుతుంది. రాత్రంతా నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది కాబట్టి, పొద్దున్నే లేవగానే నోరు తనను తాను కాపాడుకునే శక్తి తక్కువగా ఉన్న సమయంలో ఈ ఆమ్లం పంటి మీద పడుతోంది. అప్పుడు ఎనామిల్ పైపొర కాసేపు మెత్తబడుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజంలో కొంత తిరిగి చేర్చడానికి అరగంట నుంచి గంట పడుతుంది. మీరు ఆ వ్యవధి ఇవ్వకుండానే హార్డ్ బ్రష్ తీసుకుంటున్నారు. తడి ఆరని గచ్చు మీద ఈనెల చీపురు వేసి ఊడిస్తే సిమెంటు ఎలా లేచివస్తుందో, ఏడాదిగా మీ నోట్లో జరుగుతున్నది కూడా దాదాపు అదే.

ఈ పూట అద్దం ముందు నిలబడి ఒక చిన్న పరీక్ష చేసుకోండి. పెదవిని పైకి ఎత్తి పట్టుకుని, ఎడమవైపు కోరపన్ను, దాని వెనుక రెండు పళ్ళ మీద చిగురు అంచు దగ్గర చూపుడువేలి గోటిని పైనుంచి కిందికి మెల్లగా జార్చండి. గోరు నున్నగా జారిపోతే మంచిదే. ఎక్కడైనా చిన్న మెట్టు మీద ఆగినట్లు, సన్నని గాడిలో పడినట్లు అనిపిస్తే, అక్కడ పన్ను కొంచెం పసుపుగా, పక్క పళ్ళకంటే పొడుగ్గా కనిపిస్తే, పంటి మెడ అరిగిందని అర్థం. గోరు తగలగానే జివ్వుమంటే ఇక అనుమానం అక్కరలేదు. కుడిచేతి వాటం ఉన్నవారు తోముకునేటప్పుడు ఎడమవైపున చేతి బలం ఎక్కువగా పడటం వల్ల, అరుగుదల ఆ వైపున, ముఖ్యంగా కోరపన్ను చుట్టుపక్కల ఎక్కువగా కనిపించడం మాకు అలవాటైన దృశ్యమే. మీ బ్రష్‌ను కూడా ఒకసారి పైనుంచి చూడండి. కొన్న నెల రోజులకే కుచ్చులు రెండు వైపులకూ విచ్చుకుని, వాడేసిన కుంచెలా తయారైతే లోపం బ్రష్ నాణ్యతలో కాదు, చేతి బలంలో ఉంది.

మీ అత్తయ్య గారి మాట చాలా ఇళ్ళలో వినిపించేదే. దానిని కొట్టిపారేయకుండా వివరంగా చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే ఆ భయంతోనే ఎందరో చిగుళ్ళ జబ్బును ముదిరేదాకా వదిలేస్తున్నారు. క్లీనింగ్ చేసే పరికరం సన్నని ప్రకంపనలతో పళ్ళకు పట్టిన గారను విడగొడుతుంది, సక్రమంగా చేసినప్పుడు ఎనామిల్‌ను అరగదీయదు. అయితే ఏళ్ళ తరబడి పేరుకున్న గార వేరు భాగాన్ని పెచ్చులా కప్పి ఉంచుతుంది. అది పోగానే, అప్పటికే బయటపడి ఉన్న వేరుకు చల్లదనం నేరుగా తగులుతుంది. వాపు తగ్గిన చిగుళ్ళు కాస్త కుదించుకుపోవడం వల్ల మరికొంత వేరు కనిపిస్తుంది. పళ్ళ మధ్య సిమెంటులా పట్టి ఉన్న గార పోవడంతో పళ్ళు వదులైనట్లు అనిపిస్తుంది. నిజానికి వాటిని వదులు చేసినది ఆ గార వల్ల వచ్చిన చిగుళ్ళ జబ్బే. క్లీనింగ్ తర్వాతి జివ్వుమనడం సాధారణంగా కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. మీకు బాధ అంతకు నాలుగు నెలల ముందే మొదలైంది, రెండు నెలలు గడిచినా తగ్గలేదు. కనుక క్లీనింగ్ దానిని బయటపెట్టిందే గాని పుట్టించలేదు.

మీ విషయంలో కాకపోయినా ఇదే బాధ ఉన్న ఇతర పాఠకుల కోసం మిగతా కారణాలను క్లుప్తంగా చెబుతాను. ఛాతీలో మంట, పులితేన్పులు తరచుగా ఉన్నవారికి కడుపులోని ఆమ్లం నోటిదాకా ఎగదన్ని పై ముందు పళ్ళ లోపలి వైపును కరిగిస్తుంది. గర్భిణులకు వాంతుల వల్ల జరిగేదీ ఇదే. వాంతి కాగానే పళ్ళు తోమకుండా, గ్లాసు నీళ్ళలో చెంచా తినేసోడా కలిపి పుక్కిలిస్తే చాలు. శీతల పానీయాలు, నిమ్మసోడా గుక్కగుక్కగా గంటసేపు తాగే అలవాటు ఒక్కసారిగా తాగేయడం కంటే ఎక్కువ చెరుపు చేస్తుంది. నిద్రలో పళ్ళు కొరికేవారికి పొద్దున లేచేసరికి దవడలు పట్టేసినట్లుంటాయి, పంటి కొసలు బల్లపరుపుగా అరిగిపోతాయి. బొగ్గుపొడి, ఉప్పు, ఇటుకపొడి, గరుకైన పళ్ళపొడులు వేలితో రుద్దినా ప్రమాదమే. పళ్ళు తెల్లబడటానికి బ్లీచింగ్ చేయించుకున్నవారికి కొద్ది రోజులు జివ్వుమనడం మామూలే, అది దానంతట అదే తగ్గుతుంది. పప్పుచారులోనో పులిహోరలోనో ఉండే చింతపండు గురించి నేను అంతగా భయపెట్టను. అన్నంతో కలిపి నమిలేటప్పుడు లాలాజలం బాగా ఊరుతుంది, పులుపు పళ్ళ మీద ఎక్కువసేపు నిలవదు. ఖాళీ కడుపుతో విడిగా తాగే పులుపుతోనే ఎక్కువ చిక్కు.

జివ్వుమనే ప్రతి పన్నూ ఇదే కోవకు చెందదు. ఈ జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ ఆదుర్దా కలిగించిన విషయం ఇది. పాఠకులు పొరపాటున పేస్టు రుద్దుకుంటూ పిప్పి పన్నును ముదరబెట్టుకోకూడదు. చల్లదనం తొలగించిన కొద్ది సెకన్లలో నొప్పి పూర్తిగా పోతే అది సాధారణంగా మనం చెప్పుకుంటున్న సెన్సిటివిటీ. చల్లదనం పోయాక కూడా అర నిమిషానికి మించి నొప్పి సలుపుతూ ఉంటే, ఇరానీ చాయ్ ఒక గుక్క తాగగానే మొదలై నిమిషాల తరబడి నిలిస్తే, ఏ కారణమూ లేకుండా అర్ధరాత్రి నిద్రలేపితే, పల్ప్ వాచిందని అనుమానించాలి. వేడికి నొప్పి వచ్చి చన్నీళ్ళు పుక్కిలిస్తే హాయిగా ఉండటం కూడా మంచి సూచన కాదు. గట్టి పదార్థం కొరికి దవడ వదిలే క్షణంలో ఒకే పన్ను చురుక్కుమంటే అందులో చీలిక ఉండవచ్చు. పై దవడ పళ్ళన్నీ కలిసి నొప్పెడుతూ, తల కిందికి వంచితే బరువెక్కితే, జలుబు కూడా ఉంటే, అది సైనస్ వల్ల వచ్చిన నొప్పి కావచ్చు. చిగురు మీద చీముపొక్కు, ముఖం వాపు, జ్వరం ఉంటే ఆ రోజే వైద్యుణ్ణి చూడాలి. మీ ఉత్తరంలో వీటిలో ఏదీ లేదు గనుకనే మొదటే ధైర్యం చెప్పగలిగాను.

పేస్టు పది రోజులకే మానేశానని రాశారు. అక్కడ తొందరపడ్డారు. సెన్సిటివ్ పళ్ళకని అమ్మేవాటిలో చాలావరకు 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉంటుంది. పొటాషియం ఆ సన్నని గొట్టాల గుండా లోపలికి చేరి, నరం చుట్టూ తగినంతగా పోగై, దానిని శాంతపరచడానికి రోజుకు రెండు పూటలా వాడితే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తలనొప్పి మాత్రలా గంటలో పనిచేస్తుందని ఆశించి మానేసేవారే ఎక్కువ. మరికొన్ని పేస్టుల్లో స్టానస్ ఫ్లోరైడ్, ఆర్జినిన్, కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ వంటివి ఉంటాయి. ఇవి నరాన్ని మత్తుపెట్టవు, గొట్టాల నోళ్ళను పూడుస్తాయి. పెట్టె వెనుక చదివి ఏదో ఒకటి ఎంచుకుని కనీసం నాలుగు వారాలు, వీలైతే ఎనిమిది వారాలు విడవకుండా వాడండి. తోముకున్నాక నోరు పదేపదే కడిగేయకుండా నురుగు ఉమ్మేసి ఊరుకోవాలి. రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత పేస్టును వేలి కొసతో బాధించే పంటి మెడ మీద మెల్లగా రాసి వదిలేస్తే ఇంకా మంచిది. ఎనిమిది వారాలకూ గుణం లేకపోతే పేస్టు మార్చడం కాదు, రోగనిర్ధారణను మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

నల్లగొండ బిడ్డగా ఫ్లోరైడ్ పట్ల మీకున్న భయం నాకు అర్థమవుతుంది. ఆ జిల్లాలో బోరు నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవారిని, గోధుమరంగు చారల పళ్ళతో నవ్వడానికి సంకోచించే పిల్లలను చూసినవారెవరికైనా ఆ భయం సహజమే. అయితే ఆ జబ్బు ఏళ్ళ తరబడి మింగిన ఫ్లోరైడ్ వల్ల వచ్చింది. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని మన దేశ ప్రమాణం. పళ్ళ మీద మరకలు పన్ను చిగురు లోపల తయారవుతున్న చిన్న వయసులోనే ఏర్పడతాయి, పూర్తిగా తయారై నోట్లోకి వచ్చిన పంటికి కొత్తగా పట్టవు. పేస్టులోని ఫ్లోరైడ్ పంటి పైభాగం మీద పనిచేస్తుంది, మనం దానిని ఉమ్మేస్తాం. 41 ఏళ్ళ వయసులో రెండు పూటలా ఫ్లోరైడ్ పేస్టుతో తోముకోవడం వల్ల మీకు మేలే గాని కీడు లేదు. మీ పుట్టింట్లో ఇంకా మింగడం మానని పసిపిల్లలుంటే మాత్రం వారి బ్రష్ మీద బియ్యపు గింజంత పేస్టు మించకుండా పెద్దలు దగ్గరుండి చూడాలి.

దంతవైద్యుని దగ్గర ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం బెరుకు పోతుంది. ముందుగా ఒక్కో పంటి మీదికి చిన్నగా గాలి ఊది, సన్నని పరికరం కొసతో తాకి, ఏది జివ్వుమంటోందో గుర్తిస్తారు. అవసరమైతే ఎక్స్‌రే తీసి పళ్ళ మధ్య దాగిన పిప్పి లేదని నిర్ధారించుకుంటారు. అరుగుదల స్వల్పంగా ఉంటే ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. కొద్ది నిమిషాల పని, సూది అక్కరలేదు, కొన్ని నెలల తర్వాత మళ్ళీ పూయవలసి రావచ్చు. గోటికి తగిలేంత గాడి పడి ఉంటే దానిని గ్లాస్ అయనోమర్‌తోనో, పంటి రంగులో ఉండే కాంపోజిట్‌తోనో పూడుస్తారు. నొప్పి తగ్గడమే కాక అరుగుదల లోతుకు పోకుండా ఆగుతుంది. చిగురు బాగా జారిపోయినచోట అంగిలి నుంచి చిన్న పొర తీసి అక్కడ అతికించే శస్త్రచికిత్స ఉంది. రాత్రి పళ్ళు కొరికేవారికి నైట్ గార్డ్, అంటే నిద్రలో పళ్ళకు పెట్టుకునే తొడుగు, చేసి ఇస్తారు. రూట్ కెనాల్ ఈ వరుసలో అన్నిటికంటే చివరిది. పల్ప్ కోలుకోలేనంతగా దెబ్బతిన్నప్పుడు అది పన్నును నిలబెట్టే మంచి చికిత్సే. ఆరోగ్యంగా ఉన్న పల్ప్‌ను కేవలం చల్లదనం పడటం లేదని తీసేయడం మాత్రం తొందరపాటు. ఎవరైనా మొదటి రోజే అది తప్పదంటే, ఎక్స్‌రే చూపించి కారణం చెప్పమని మర్యాదగా అడగండి, మరో వైద్యుని అభిప్రాయమూ తీసుకోండి. ప్రైవేటు ఖర్చు భారమనుకునేవారికి మన నగరంలో అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి అందుబాటులో ఉంది.

అంతవరకు మీరు చేయవలసినవి ఉన్నాయి. రేపటి నుంచి నిమ్మరసం మానేయండి. మానలేకపోతే పళ్ళు తోముకున్న తర్వాత, వీలైతే ఏదైనా తిన్న తర్వాత, చప్పరించకుండా ఒకేసారి తాగి వెంటనే మంచినీళ్ళతో పుక్కిలించండి. బరువు తగ్గడానికి నిమ్మరసం కంటే నడక, భోజనంలో అన్నం మోతాదు తగ్గించుకోవడం ఎక్కువ ఉపయోగపడతాయి. హార్డ్ బ్రష్ తీసేసి సాఫ్ట్ బ్రష్ కొనుక్కుని, పిడికిలితో కాక పెన్ను పట్టుకున్నట్లు మూడు వేళ్ళతో పట్టుకోండి. అలా పట్టుకుంటే బలంగా రుద్దాలన్నా సాధ్యం కాదు. చిగురు అంచు నుంచి పంటి కొస వైపు, గుండ్రంగా, రెండు నిమిషాలు తోముకుంటే చాలు. లవంగనూనె నరాన్ని కాసేపు తిమ్మిరెక్కిస్తుంది గాని తెరుచుకున్న గొట్టాలను పూడ్చదు, చిక్కగా రాస్తే చిగుళ్ళు కాలుతాయి, కాబట్టి రోజూ వాడకండి. నొప్పికి భయపడి ఎడమవైపు తోమడమే మానేస్తే అక్కడ గార పేరుకుని చిగురు ఇంకా జారుతుంది, ఆ పొరపాటు చేయకండి.

వైద్యుని దగ్గరికి వెళ్ళేటప్పుడు మీరు ప్రస్తుతం వాడుతున్న బ్రష్‌ను కడిగి ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. ఏ పళ్ళ మీద మీ చెయ్యి ఎంత బలంగా పడుతోందో ఆ కుచ్చులను చూస్తే ఆయనకు తెలిసిపోతుంది.